సిరా మరక, టెన్నిస్ బంతి

ఇంకు పెన్నుతో చదువుకున్నవాళ్లకు ఈ ఆట గుర్తుండే ఉంటుంది. నోటుబుక్కులోంచి కాగితం చింపి, పెన్ను విదిలించి, నాలుగు చుక్కలు పడ్డాక నిలువుగా మడిచి అరచేత్తో అదిమేవాళ్లం. విప్పితే ఒకడికి గబ్బిలం, ఇంకొకడికి సీతాకోకచిలుక, వెనక బెంచీవాడికి లెక్కల మాస్టారి మీసాలు. బెల్లు కొట్టేలోగా కాగితం ఉండచుట్టి పారేసేవాళ్లం. స్విట్జర్లాండులోని షాఫ్‌హౌజెన్ అనే ఊళ్లో ఒక డ్రాయింగు మాస్టారి అబ్బాయిని హైస్కూలు స్నేహితులు ‘క్లెక్స్’ అని పిలిచేవారు. జర్మన్‌లో ఆ మాటకు సిరా మరక అని అర్థం. ఆ అబ్బాయి పెద్దయి, మానసిక వైద్యుడై, 1921లో మనసును పరీక్షించేందుకు పది మరకలు అచ్చువేయించాడు. నూరేళ్లు దాటినా ఆ పరీక్ష పెట్టేవాళ్లు అవే పది కార్డులు, అదే వరుసలో చూపిస్తున్నారు.

ఆయన పేరు హెర్మన్ రోర్షాక్. ఆయన జీవితాన్నీ, ఆయన పరీక్ష నడిచిన దారినీ కలిపి డేమియన్ సర్ల్స్ 2017లో రాసిన పుస్తకం ‘ది ఇంక్‌బ్లాట్స్’. దాని పక్కనే నేను ఇంకో పుస్తకం పెట్టుకుంటాను. అది టిమోతీ గాల్వే 1974లో రాసిన ‘ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్’. షాపులో ఒకటి సైకాలజీ అరలో ఉంటుంది, రెండోది ఆటల అరలో. నా లెక్కలో రెండిటిదీ ఒకటే విద్య. తీర్పు చెప్పే నోరు కాసేపు మూసుకుంటే కళ్లు ఎంత పని చేయగలవో రెండూ చూపిస్తాయి. చూపించే తీరులోనే వాటి పనితనం ఉంది.

ముందు సర్ల్స్ సంగతి. ఆయన వృత్తి అనువాదం. నోబెల్ అందుకున్న నార్వే రచయిత యోన్ ఫోసెను ఇంగ్లీషులోకి తెచ్చినవాడు. జర్మన్ నుంచీ చాలా చేశాడు. అనువాదకుడికి ఒక అలవాటు ఉంటుంది. మాటను తేలిగ్గా తీసుకుని ముందుకు పోలేడు. కార్డు చేతికిచ్చి రోర్షాక్ అడిగే ప్రశ్నను ఆయన ఆ అలవాటుతోనే పట్టుకున్నాడు. “ఇది ఏమై ఉండొచ్చు?” అంతే. ‘నీకేమనిపిస్తోంది’ అని అడగలేదు, ‘ఊహించి ఒక కథ చెప్పు’ అనీ అడగలేదు. అంతకు ముందే 1917లో షిమోన్ హెన్స్ అనే వైద్య విద్యార్థి సిరా మరకల మీద పరిశోధన గ్రంథం రాశాడు. జనం వాటిలో ఏం చూస్తారన్నది ఆయన ఆసక్తి. రోర్షాక్‌కు కావలసింది ఎలా చూస్తారన్నది. మరక మొత్తాన్ని ఒక్కటిగా పట్టుకున్నాడా, మూలనున్న చిన్న ముక్క మీద ఆగాడా? ఆకారాన్ని బట్టి చెప్పాడా, రంగును బట్టా? కదలని మరకలో కదలిక చూశాడా? గబ్బిలం అన్నా సీతాకోకచిలుక అన్నా పెద్ద తేడా లేదు. అక్కడికి చూపు ఏ దారిలో వెళ్లిందన్నదే లెక్క.

ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చినవి ఆ మరకల తయారీ గురించిన పేజీలు. మనమంతా అవి కాగితం మడిస్తే పడ్డ మరకలే అనుకుంటాం. కాదు. డ్రాయింగు మాస్టారి ఇంట్లో పెరిగిన చెయ్యి వాటిని కుంచెతో దిద్దింది. ఎవరో గీసినట్టు ఉండకూడదు. ఉంటే చూసేవాడు గీసినవాడి మనసులో ఏముందో వెతుకుతాడు. అలాగని అర్థం లేని అలుకులాగానూ ఉండకూడదు. ఉంటే చూసేవాడికి పట్టు దొరకదు. రెండు పక్కలా సరిసమానంగా ఉంటేనే కంటికి అదొక వస్తువులా నిలబడుతుంది. పదింటిలో అయిదు నలుపు, రెండిటిలో నలుపుకు ఎరుపు తోడు, చివరి మూడు రంగులవి. రోర్షాక్ ఇంకా ఎక్కువ సిద్ధం చేసుకున్నా ప్రచురణకర్త పదికే ఒప్పుకున్నాడు. అచ్చులో మరకల నలుపు ఒక్కతీరుగా రాక మసక నీడలు పడ్డాయి. ఇంకొకరైతే ప్రెస్సువాడి మీద విరుచుకుపడేవారు. రోర్షాక్ ఆ నీడల్ని చూసి, ఇందులోనూ జనం ఏదో చూస్తారు కదా అని ఉంచేశాడు. పనివాడి గొప్పతనం ఇలాంటి చోటే తెలుస్తుంది. దాన్ని గుర్తుపట్టి చెప్పడం రచయిత గొప్పతనం.

కదలిక మీద రోర్షాక్‌కు అంత పట్టింపు ఎక్కడిదో కూడా సర్ల్స్ వెతికి పట్టుకున్నాడు. జ్యూరిక్‌లో వైద్యం చదువుతున్న రోజుల్లో శవపరీక్ష చూసి వచ్చిన విద్యార్థికి ఒక కల వచ్చింది. ఎవరో తన మెదడునే పొరలు పొరలుగా కోస్తున్నారు, ఆ కోత తనకు తెలుస్తోంది. కంటితో చూసింది ఒంటికి ఎలా తగిలింది? ఆ ప్రశ్న నుంచే ఆయన డాక్టరేటు సిద్ధాంతం పుట్టింది. ఇక్కడ సర్ల్స్ మనల్ని ఇంకొంచెం వెనక్కి, 1873కు తీసుకెళ్తాడు. రాబర్ట్ విషర్ అనే జర్మన్ యువకుడు ‘ఐన్‌ఫ్యూలుంగ్’ అనే మాట ప్రయోగించిన ఏడాది అది. చూస్తున్న వస్తువులోకి మన అనుభూతిని పంపడం అని దాని భావం. ఇంగ్లీషులో తర్వాత ‘ఎంపతీ’గా మారిన మాట ఇదే. ఒక కల, ఒక కొత్త మాట, ఒక డ్రాయింగు మాస్టారు - ఈ మూడు పోగుల్నీ ముడి కనిపించకుండా నేశాడు.

నిర్మాణంలో మరో సాహసం ఉంది. కథానాయకుడు పుస్తకం మధ్యలోనే చనిపోతాడు. అచ్చయిన ఏడాదికే, 1922 ఏప్రిల్ 2న, అపెండిక్స్ పగిలి, 37 ఏళ్లకే రోర్షాక్ పోయాడు. జీవితచరిత్ర రాసేవారికి అంతకంటే ఇబ్బంది లేదు. సర్ల్స్ పెన్ను దించలేదు. అక్కడి నుంచి కార్డులనే కథానాయకుడిని చేశాడు. అవి అమెరికా చేరాయి. న్యూరెంబర్గ్ జైల్లో నాజీ నాయకుడు గోరింగ్ చేతిలోకీ వెళ్లాయి. శిష్యులు కాని శిష్యులు వాటి కోసం కీచులాడుకున్నారు. 1974లో జాన్ ఎక్స్‌నర్ జవాబులన్నిటికీ అంకెలు కేటాయించి ఒక పద్ధతి కట్టాడు. ఈ పరీక్ష శాస్త్రమా, చిలకజోస్యమా అన్న తగాదాలో సర్ల్స్ ఏ పక్కా గుడ్డిగా చేరడు. కొన్ని కొలతలకు గట్టి ఆధారాలున్నాయి, కొన్నిటికి లేవు అన్న నిజాన్ని నిజంగానే చెప్తాడు. ఒక్క లోపం: రెండో సగంలో అమెరికన్ సైకాలజిస్టుల పేర్లు పెళ్లి విడిదిలో చుట్టాల్లా వచ్చిపడతాయి. ఎవరెవరో గుర్తుపెట్టుకోవడం కష్టం.

ఆ 1974లోనే గాల్వే పుస్తకం వచ్చింది. ఒకచోట ఒకాయన చూపుకు అంకెలు చేరుస్తుంటే, ఇంకోచోట ఇంకొకాయన చూపు మీదున్న ఆజ్ఞలు తీసేస్తున్నాడు. గాల్వే హార్వర్డ్ టెన్నిస్ జట్టుకు కెప్టెన్‌గా ఆడినవాడు, తర్వాత కోచ్. పుస్తకం చిన్నది, భాష తేలిక. అసలు సంగతి ఇదీ. ఆడేవాడి లోపల ఇద్దరుంటారు. ఒకటో ‘నేను’ చెప్పేది, రెండో ‘నేను’ చేసేది. మొదటిది రెండోదాన్ని పొద్దస్తమానం తిడుతూ ఉంటుంది. ఆ తిట్లు ఆగితే చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది.

సిద్ధాంతం ఇంతే. దాన్ని బతికించింది చిన్న చిన్న సంఘటనలు. జాక్ అనే వ్యాపారి వచ్చి, బ్యాక్‌హ్యాండ్ కొట్టేటప్పుడు తాను రాకెట్ మరీ ఎత్తుతున్నానని అయిదుగురు కోచ్‌లు చెప్పారని మొరపెట్టుకుంటాడు. గాల్వే సలహా ఇవ్వడు. ఒక పెద్ద కిటికీ అద్దం ముందు నిలబెట్టి, రాకెట్ వెనక్కి తియ్యమంటాడు. అద్దంలో చూసుకున్న జాక్ నిజంగా ఆశ్చర్యపోతాడు: అయ్యో, నేను ఎత్తుతూనే ఉన్నానే! అయిదుగురు చెప్పింది అతనికి తెలుసు. కానీ ఒక్కసారీ చూడలేదు. చూశాక రాకెట్ దానంతట అదే దిగింది. మన బడి మైదానాలు గుర్తొచ్చి నేను ఇక్కడ పుస్తకం మూసేశాను. వాలీబాల్ సర్వీసు వేసే ముందు నా చెవిలో ఆరు కేకలు పడేవి: మోచెయ్యి, నడుము, కాలు, చూపు, భుజం, ‘ఒరేయ్ వినపడుతోందా?’ అన్నీ వినపడేవి. బంతి మాత్రం నెట్టులోకి వెళ్లేది.

ఇంకో ఘట్టం మరీ ముచ్చటైనది. పాల్ అనే కొత్త శిష్యుడికి గాల్వే మాటల్లో ఏమీ చెప్పకుండా పది ఫోర్‌హ్యాండ్‌లు కొట్టి చూపిస్తాడు. పాల్ తాను గమనించింది కాళ్ల కదలిక అంటాడు. తర్వాత కొట్టమంటే అన్నీ చక్కగా కుదురుతాయి, కాళ్లు తప్ప. మాటల్లో పెట్టుకున్న ఒక్కటే తప్పిపోయింది! ఈ సంఘటనను రెండు పేరాల్లో చెప్పి గాల్వే ఊరుకుంటాడు. వ్యాఖ్యానం దాదాపు అక్కర్లేదు.

అభ్యాసాలు కూడా అలాంటివే. బంతి నేల మీద పడగానే ‘పడింది’ అనాలి, రాకెట్‌కు తగలగానే ‘తగిలింది’ అనాలి. ఇంకేం చేయనక్కర్లేదు. ఈ రెండు మాటలతో నోటికి పని దొరుకుతుంది, తిట్టే ఒకటో ‘నేను’కు తీరిక దొరకదు. బంతి కుట్టు గీత తిరుగుతుంటే దాన్నే చూడమంటాడు. ఒక చిలిపి ఉపాయం కూడా ఉంది. ఎదుటివాడు ఇరగదీస్తుంటే, కోర్టు మారేటప్పుడు ‘ఇవాళ నీ ఫోర్‌హ్యాండ్ ఇంత బాగుంది, ఏం చేస్తున్నావేంటి?’ అని అమాయకంగా అడగాలట. అతను ఆలోచించడం మొదలుపెడతాడు. ఇక అతని ఆట చూడక్కర్లేదు.

గాల్వేకూ లోపాలున్నాయి. ఒకటో నేను, రెండో నేను అన్న ఆ ఇద్దరినీ చివరిదాకా మోసుకెళ్లడంతో కొన్ని పేజీలు పునరుక్తి అనిపిస్తాయి. పునాది మెళకువలే రానివాడికి ఇది ఒక్కటే సరిపోతుందన్న భ్రమ కూడా కలగొచ్చు. అయినా యాభై ఏళ్ల తర్వాత కోచ్‌లు దీన్ని చదువుతున్నారంటే కారణం ఉంది: శిష్యుడిని దిద్దే ముందు శిష్యుడి చేత చూపించే పద్ధతి ఇందులో ఉంది.

రెండు పుస్తకాలూ చేతి పనిని గౌరవిస్తాయి. మరక తయారీలో నీడ ఎక్కడ పడాలో తెలిసినవాడూ, శిష్యుడి ముందు ఎప్పుడు మాట్లాడకూడదో తెలిసినవాడూ ఒకే కోవ పనివాళ్లు. ఇక చూపు సంగతి. మన దగ్గర సైన్యంలో ఆఫీసర్ల ఎంపికకు వెళ్లే కుర్రాళ్లకు మసక బొమ్మ చూసి కథ రాసే పరీక్ష ఉంటుంది. దానికి ముందే తయారు కథలు బట్టీపట్టి వెళ్లేవాళ్లు కొందరు. సర్ల్స్ చదివితే ఆ బట్టీ ఎందుకు దండగో అర్థమవుతుంది: పరీక్ష కోరేది నీ చూపు, ఇంకొకడు అమ్మిన కథ కాదు.

కనుక నా మాట ఇదీ. ఆటలు నేర్పే మాస్టార్లు ‘ది ఇంక్‌బ్లాట్స్’ చదవాలి, మనసులు కొలిచేవాళ్లు ‘ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్’ చదవాలి. తక్కిన మనం గాల్వేతో మొదలుపెడదాం. పిల్లవాడు బంతి తీసుకుని మైదానానికి వెళ్తుంటే, ఈ సాయంత్రానికి ఒక్క సలహా కూడా ఇవ్వకుండా, ‘ఇవాళ బంతి ఎలా తిరిగిందో చూసి వచ్చి నాకు చెప్పు’ అని పంపి చూడండి.