పాత రూపు, కొత్త ఇంజను

యంత్రాన్ని దాని పనిని బట్టి తూచాలి గాని అందాన్ని బట్టి కాదంటారు. కాని కొన్ని యంత్రాలు అందం చేతనే అమ్ముడుపోతున్నాయి. ఆ అందానికి కొన్నవాడు ఏ మూల్యం చెల్లిస్తున్నాడో విచారించడం శాస్త్ర విమర్శకు తగిన పనే. పాత తరహా మోటారు సైకిలు ఇందుకు మంచి ఉదాహరణ.

1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీ బుల్లెట్టును మన రోడ్లకు అలవాటు చేసింది. 350 రకపు ఇంజనుకు ఒకటే సిలిండరు. దాని వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజను కనుక ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి పేలుడు. నిమిషానికి 1000 చుట్లయితే సెకనుకు సుమారు 8 పేలుళ్లన్నమాట. అంత నెమ్మదిలో చెవి ఒక్కొక్క దెబ్బనూ విడిగా పట్టగలదు. జనం ముచ్చటపడే ‘డుగు డుగు’ రహస్యం ఇదే. ఆ చప్పుడు బలానికి కొలత కాదు. సైలెన్సరు మార్పించి చప్పుడు పెంచేవారు పొందే లాభం లేదు సరికదా, అది చట్టవిరుద్ధం కూడా.

మోకిల మీదుగా శంకరపల్లి పోయే దారిలో ఈ బండిని నింపాదిగా నడిపితే హాయి. వేగం హెచ్చిస్తే చేతులు తిమ్మిరెక్కుతాయి. ఎందుచేత? పిస్టను పైకీ కిందికీ పోయి, ప్రతి కొసనా ఆగి వెనుదిరగాలి. ఆ కుదుపు బలం చుట్ల వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. చుట్లు రెండింతలైతే కుదుపు నాలుగింతలు!

2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 350 ఈ లోపాన్ని చాలావరకు దిద్దింది. ఇరుసుకు ఎదురుగా తిరిగే మరొక బరువు కడ్డీని అమర్చి కుదుపును అణచారు. వ్యాసం 72, నడక 85.8 మిల్లీమీటర్లుగా మార్చారు. ఇది మెచ్చదగిన పని.

అయితే పోయినది కూడా ఒకటుంది. పాత బండి యజమాని అమ్మీటరు ముల్లు మధ్యకు రావడం చూసి, డీకంప్రెసరు నొక్కి, పిస్టనును సరైన చోటికి తెచ్చి కిక్కు కొట్టేవాడు. తప్పితే కిక్కు కాలిమీదికే తన్నేది. ఆ తన్నులతోనే అతడు తన ఇంజనును తెలుసుకునేవాడు. పాయింట్లు తానే శుభ్రం చేసుకునేవాడు. నేటి బండిలో ఇంధనాన్ని కొలిచి పంపేది ఎలక్ట్రానిక్ యంత్రాంగం. అది మొరాయిస్తే పానా, స్క్రూడ్రైవరు చాలవు.

ఇక అసలు ఆక్షేపణ చక్రాలను గురించి. ఊచల చక్రం చూపుకు సొగసే. కాని ఊచలు దిగే రంధ్రాల గుండా గాలి పోతుంది గనుక లోపల ట్యూబు తప్పదు. మేకు దిగితే ట్యూబులో గాలి త్వరగా పోతుంది. సుమారు 195 కిలోల బండిని తోసుకుపోవడం యజమాని వంతు. ట్యూబు లేని టైరయితే తరచు నెమ్మదిగా దిగుతుంది. పోతచక్రాల రకాలూ దొరుకుతున్నవి గనుక ఎంపిక మన చేతిలోనే ఉంది.

పాత రూపును ప్రేమించడం దోషం కాదు. ఆ రూపులో ఏది అలంకారమో, ఏది అవసరమో తెలిసి కొన్నవానికి అది సంతోషం. తెలియక కొన్నవానికి భారం.