అనుమతి, నిషేధం: యూనిక్స్ తరహా వ్యవస్థలలో నిరాకరణ భాష

నూజివీడు మామిడి సీమలోని ఉంగుటూరు వంటి ఊళ్లలో తోటలోకి ఎవరు రావాలో, కాపును ఎవరికి అమ్మాలో నిర్ణయించేది తోట యజమాని. అదే కాయను ఐరోపాకు పంపదలచినప్పుడు యజమాని సమ్మతి ఒక్కటే చాలదు. చీడపీడలు లేవన్న అధికారిక ధ్రువపత్రం కావాలి. 2014 మే నెలలో పండు ఈగ కారణంగా భారతీయ మామిడిపై నిషేధం విధించిన ఐరోపా సమాఖ్య 2015 జనవరిలో దాన్ని ఎత్తివేసింది. ఆ నెలల్లో రైతు అమ్మదలచినా, కొనేవారున్నా, సరుకు ఐరోపా చేరే మార్గం లేదు. 'యజమాని వద్దన్నాడు', 'చట్టం వద్దంది' అనే రెండు నిరాకరణల మధ్య తేడా ఎవరికైనా తెలిసినదే. యూనిక్స్ తరహా నిర్వహణ వ్యవస్థలు ఈ తేడాను అమలు చేయగలిగాయి గాని, వాడుకరికి చెప్పలేకపోయాయి.

యూనిక్స్ తొలి నమూనా పూర్తిగా యజమాని విచక్షణపై నిలిచినది. యజమాని, సమూహం, ఇతరులు అనే ముగ్గురికి చదవడం, రాయడం, అమలుపరచడం అనే మూడేసి హక్కులు. మొత్తం తొమ్మిది బిట్లు. రూట్‌కు ఈ హద్దులు వర్తించవు. యజమాని పేరిట నడిచే ప్రోగ్రాం దారి తప్పితే యజమాని అధికారమంతా దానితో పోతుంది. ఈ లోపానికి జవాబుగా అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000 డిసెంబరులో ఎస్ఈలినక్స్‌ను విడుదల చేసింది. ఒకే భద్రతా నమూనాను లినక్స్ కెర్నెల్‌లో స్థిరపరచడానికి లీనస్ టోర్వాల్డ్స్ 2001లో అంగీకరించకపోవడంతో, వేర్వేరు నమూనాలకు చోటిచ్చే లినక్స్ సెక్యూరిటీ మాడ్యూల్స్ చట్రం రూపొందింది. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్‌తో అది స్థిరపడింది. స్మాక్, యాప్ఆర్మర్, ఇటీవలి ల్యాండ్‌లాక్ ఈ చట్రంలోనే ఒదిగాయి.

చట్రం నిర్మాణం ప్రశంసనీయమే. ముందుగా తొమ్మిది బిట్ల పరీక్ష. అది నెగ్గిన తరువాతే మాడ్యూల్ పరీక్ష. అంటే మాడ్యూల్ ప్రధానంగా బిగించగలదే తప్ప సడలించలేదు. అయితే ఏ దశలో నిరాకరణ జరిగినా ప్రోగ్రాంకు చేరేది సాధారణంగా ఒకే దోష సంకేతం, తెరపై కనబడేది 'పర్మిషన్ డినైడ్' అన్న ఒకే వాక్యం.

దీని ఫలితాన్ని ఒక కల్పిత ఉదాహరణలో చూడవచ్చు. మామిడి ధరల పట్టికను ఒకరు తన హోమ్ డైరెక్టరీలో తయారుచేసి, ఎంవీ ఆదేశంతో ఫెడోరా వెబ్ సర్వర్ డైరెక్టరీకి తరలించారనుకుందాం. సీపీతో నకలు తీస్తే ఫైలుకు కొత్త చోటి లేబుల్ వస్తుంది. ఎంవీతో తరలిస్తే పాత లేబులే ఉండిపోతుంది. వెబ్ సర్వర్‌కు హోమ్ డైరెక్టరీ లేబుల్ ఉన్న ఫైలు నిషిద్ధం. పేజీ తెరుచుకోదు. నిర్వాహకుడు 'అనుమతి' లేదని చదివి అనుమతులను 777కు పెంచుతాడు. ఫలితం లేదు. చివరకు సెట్ఎన్‌ఫోర్స్ 0 అని ఎస్ఈలినక్స్ అమలునే ఆపివేస్తాడు; పేజీ తెరుచుకుంటుంది. కావలసింది రెస్టోర్‌కాన్ అనే ఒక్క ఆదేశం. జరిగినది మాత్రం రెండు రక్షణలూ కోల్పోవడం. ఈ తప్పును నిర్వాహకుడి అజ్ఞానానికి అంటగట్టడం న్యాయం కాదు. వ్యవస్థ చెప్పిన మాటనే అతడు నమ్మాడు.

నిరాకరణ కారణం చెబితే చొరబాటుదారుకు విధానం తెలిసిపోతుందనీ, పాత ప్రోగ్రాంలు కొత్త సంకేతాన్ని అర్థం చేసుకోలేవనీ సమర్థకులు అంటారు. రెండో వాదంలో బలముంది. మొదటిది చొరబాటుదారునీ నిర్వాహకునీ ఒకే గాటన కడుతుంది. కారణం ఆడిట్ లాగ్‌లో ఉంటుందన్న సమాధానమూ అసంపూర్ణమే: కొన్ని నిరాకరణలను నమోదు చేయవద్దని విధానమే 'డోంట్ఆడిట్' నియమాలతో ఆదేశిస్తుంది. సెట్రబుల్‌షూట్ వంటి సాధనాలు కారణాన్ని వివరించే మేలు చేస్తాయి. కానీ ఆడిట్2అలౌతో కొత్త నియమం చేర్చుకొమ్మని అవి సూచించే సందర్భాలలో, నిషేధాన్ని పరిశీలించకుండానే మినహాయింపు రాసే అలవాటుకు తావిస్తాయి.

తెలుగు పరిభాషకు ఇక్కడ నిజమైన పని ఉంది. ఆంగ్లంలోని ఒక్క 'పర్మిషన్'ను అనుసరించి రెండు సందర్భాలకూ 'అనుమతి' అని వాడితే ఆ గందరగోళం యథాతథంగా దిగుమతి అవుతుంది. యజమాని విచక్షణకు లోబడినది అనుమతి. యజమాని సైతం దాటలేనిది నిషేధం. 'ప్రవేశానికి అనుమతి లేదు', 'ప్రవేశం నిషిద్ధం' అన్న పలకలలో మొదటిది చూసినవారు ఎవరిని అడగాలో వెతుకుతారు, రెండోది చూసినవారు వెనుదిరుగుతారు. 'మాండేటరీ' అన్న మాటకు 'తప్పనిసరి' అని తర్జుమా చేసినందువల్ల ఈ భేదం రాదు. ఎవరి మాట చెల్లుతుందన్నది అందులో లేదు. 'యజమాని నియంత్రణ', 'విధాన నియంత్రణ' అన్న జంట ఇంతకన్నా మేలు.

ఇది సర్వర్ గదులకు పరిమితమైన చర్చ కాదు. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఎస్ఈలినక్స్ పూర్తి స్థాయిలో అమలవుతోంది. ఉంగుటూరు రైతు ధర కనుక్కునే ఆండ్రాయిడ్ ఫోనులో, యాప్‌కు కెమెరా ఇవ్వాలా అని తెర ఆయనను అడిగేది అనుమతి. ఆయన ఒప్పుకున్నా ఆ యాప్ వ్యవస్థ ఫైళ్లను మార్చలేకపోవడం వెనుక ఉన్న నిషేధాన్ని గురించి ఆ తెర ఎన్నడూ మాట్లాడదు.