పోగు చెప్పే సంగతులు

ఢిల్లీ సరోజినీ నగర్‌ మార్కెట్లో ఎగుమతుల్లో మిగిలిన బట్టలు గుట్టలుగా పోసి అమ్ముతారు. చాలావాటికి లేబుల్‌ కత్తిరించేసి ఉంటుంది. అచ్చమైన కాటనని అమ్మేవాళ్లు చెబుతారు. నేను కొన్న చొక్కా లోపలి కుట్టు నుంచి ఒక పోగు లాగి, ఇంటికొచ్చాక పట్టకారుతో పట్టి కాల్చి చూస్తాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. ఉన్ని, పట్టు అయితే వెంట్రుకలు కాలిన కమురు. పాలిస్టర్‌ కరిగి నల్లటి పూసకడుతుంది. పత్తి సెల్యులోజు, ఉన్ని ప్రొటీను. వాసనలో తేడా అక్కడిదే. నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమ పట్టి ఉంచుతుంది, ఉన్ని దాదాపు దానికి రెట్టింపు. పాలిస్టర్‌ అర శాతం కూడా పట్టదు. జూన్‌ నెలలో ఢిల్లీ బస్సెక్కినవాళ్లకు ఈ లెక్క ఒంటికే తెలుస్తుంది.

పోగు మీద పరిశోధన బట్టతో ఆగలేదు. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉన్ని ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలను విడదీసే దారి వెతుకుతూ శాస్త్రవేత్తలు మార్టిన్‌, సింజ్‌ 1941లో కొత్త క్రొమటోగ్రఫీ పద్ధతి కనిపెట్టారు. 1952లో వాళ్లకు నోబెల్‌ వచ్చింది. గొర్రెబొచ్చు మీద మొదలైన పని రసాయనశాస్త్రానికంతటికీ పనిముట్టయింది.

మన పత్తి కథ వేరు. మాంచెస్టర్‌ మిల్లులకు పొడుగు పింజ కావాలని ఈస్టిండియా కంపెనీ 1840లో అమెరికా నుంచి పత్తి సాగుదారులను ఇక్కడికి రప్పించింది. 1924లో బొంబాయి మాటుంగాలో పత్తి ప్రయోగశాల వెలిసింది. పింజ పొడవు, సన్నదనం, గట్టిదనం అక్కడ శ్రద్ధగా కొలిచారు. ఆ పని గొప్పది, నేను కాదనను. అయితే ఈ పత్తి మిల్లుకు పనికొస్తుందా అన్నదే మొదటి ప్రశ్నగా ఉండిపోయింది. ఈ పత్తికి ఎలాంటి యంత్రం కావాలని అడిగినవాళ్లు తక్కువ.

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఆడవాళ్లు ఆ రెండో ప్రశ్నకు చేతులతోనే జవాబు చెప్పారు. అక్కడి కొండపత్తిది పొట్టి పింజ. గింజతో ఉన్న దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దాని సన్నటి పళ్లు నలుసు తీసి పింజను సాపుచేస్తాయి. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి వడుకుతారు. వంద కౌంటు నూలు దిగుతుంది. అంటే ఒక పౌండు దూదిలో 84,000 గజాల పోగు! పొట్టి పింజతో సన్న నూలు రాదనే మిల్లు లెక్క ఆ చేతుల ముందు నిలవదు.

ఈ దారిలోనే చేనేత కోసం పనిచేసే ఉజ్రమ్మ, ఆమె తోటివాళ్లు మల్ఖా అనే ప్రయత్నం మొదలుపెట్టారు. దూదిని బేలుగా అదిమితే పింజ మెత్తదనం పోతుందని, బేలు కట్టకుండానే చిన్న యంత్రాలతో పత్తి పండేచోటే నూలు తీశారు. గొంగడి నేసే దక్కని గొర్రె ఉన్నికి ఇంతపాటి శ్రద్ధ కూడా దక్కలేదు. ముతకదని పక్కన పెట్టేశారు. మాంసానికే గొర్రెల్ని పెంచడంతో ఆ జాతే పలచబడుతోంది.

ప్రజల డబ్బుతో నడిచే ప్రయోగశాలలు ఇకనైనా కొండపత్తికీ దక్కని ఉన్నికీ తగిన చిన్న యంత్రాలు తయారుచేయాలి. పొందూరు వడికేవాళ్లనూ గొంగడి నేసే కురుమలనూ పక్కన కూర్చోబెట్టుకుని ఆ పని చేయాలి.