వేళ తప్పిన పరీక్ష

చెరువు నీళ్లు పరీక్షించే వలంటీర్లు మన ఊళ్లలో ఎక్కువగా ఆదివారం టిఫిన్లయ్యాకే గట్టెక్కుతారు. వెలుతురు బాగుంటుంది, ఫొటోలూ బాగా వస్తాయి. నా పేచీ అంతా ఆ వేళతోనే.

నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని కొలవడానికి 1888లో వింక్లర్ చెప్పిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. గాలి బుడగ ఒక్కటీ మిగలకుండా సీసా ముంచి, నీళ్లలోనే మూత బిగించాలి. మాంగనీస్ సల్ఫేటు, ఆపైన క్షారం కలిపిన అయొడైడు వేస్తే, ఆక్సిజన్ ఉన్న నీళ్లలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే ఆ మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. ఆమ్లం పోయగానే మడ్డి కరిగి నీళ్లు పసుపెక్కుతాయి. స్టార్చి చుక్కలు పడితే నీలం. ఇక ఆ నీలం విరిగేదాకా థయోసల్ఫేటు చుక్కలు లెక్కపెట్టుకుంటూ వేయడమే. ఆఖరి చుక్క దగ్గర ఎంత వాగుడుకాయైనా నోరు మూసుకుంటాడు. మీటరు ముంచి అంకె చదివేవాళ్లకి ఈ సరదా దక్కదు.

మురుగు కలిసే చెరువులో మిట్టమధ్యాహ్నం కొలిస్తే లీటరుకు 12 మిల్లీగ్రాములు కూడా రావచ్చు. స్నానపు నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అడిగేది 5. ఇంకేం, చెరువు ఫస్ట్ క్లాసులో పాసైందని సంబరం! కానీ 30 డిగ్రీల వేడి ఉన్న నీళ్లలో గాలి నుంచి కరిగేది దాదాపు ఏడున్నరే. పైదంతా ఎండలో నాచు వదిలింది. మురుగులోని నత్రజని, భాస్వరం తిని బలిసిన నాచు. పొద్దుగూకాక అదే నాచు, అడుగున కుళ్లే చెత్తా కలిసి ఉన్న ఆక్సిజన్ కాస్తా లాగేస్తాయి. తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

భీమవరం వైపు చేపల రైతుకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రిళ్లు ఏరేటర్లు తిప్పేదీ, మబ్బు పట్టిన మర్నాడు వేకువనే గట్టు మీద తిరిగేదీ అందుకే. పెట్టుబడంతా నీళ్లలో ఉంది మరి.

చుక్కల సీసాలకి చిక్కనివీ ఉన్నాయి. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధి కేంద్రం వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. అలాంటివి పట్టడానికి పెద్ద ల్యాబే కావాలి. కానీ ల్యాబువాళ్లు రోజూ వేకువన మన చెరువుకి రారు. పక్కవీధివాళ్లు రాగలరు. అదే తూము దగ్గర, అదే లోతున, తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి కొలిచి, రెండంకెలూ పక్కపక్కన రాయండి. తేడా పెద్దదిగా ఉంటే మురుగు తెచ్చే నాలాల వైపు నడవండి. రాత్రి వాన పడిందా, మబ్బుందా అన్నదీ రాయాలి. గ్లవ్స్ మాత్రం మరవొద్దు: ఆ క్షారమూ ఆమ్లమూ రెండూ చర్మాన్ని కాలుస్తాయి. వాడిన సీసాలో మిగిలినదాన్ని చెరువులో పారబోయకుండా డబ్బాలో పట్టి తెచ్చుకోండి.