మైలుకి ఎంత?

2015లో అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వ్యాపారం కోసం సొంత కారు తిప్పినవాళ్ళు మైలుకి 57.5 సెంట్ల లెక్కన ఖర్చు చూపించుకోవచ్చంది. 2020లోనూ సరిగ్గా 57.5 సెంట్లే. ఈ రెండు సంవత్సరాలే చూసినవాళ్ళకి ఐదేళ్ళలో ఏమీ మారలేదనిపిస్తుంది. కానీ ఏటా అదే ప్రకటనలో ఇంకో రేటు కూడా ఉంటుంది. అది వైద్యం కోసం ఆసుపత్రికీ డాక్టరు దగ్గరికీ తిరిగిన మైళ్ళ రేటు. 2015లో అది 23 సెంట్లు, 2020లో 17. ఈ చిన్న అంకెను పక్కన పెట్టుకుని చూస్తేనే పెద్ద అంకె లోపల ఏం జరిగిందో తెలుస్తుంది. ఈ రేట్ల పనితనం మీద నాకు గౌరవం పుట్టింది అక్కడే.

కారు ఖర్చులు రెండు రకాలు. బండి కదిలినా కదలకపోయినా మీద పడేవి కొన్ని: కొన్న ధరలో ఏటా తరిగిపోయే విలువ, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్. కదిలితేనే అయ్యేవి ఇంకొన్ని: పెట్రోలు, ఆయిలు, టైర్లు, మరమ్మతులు. వ్యాపారం రేటులో ఈ రెండూ కలుస్తాయి. వైద్యానికి తిరిగిన మైళ్ళకి తరుగుదలా ఇన్సూరెన్సూ చూపించుకోవడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి ఆ రేటులో రెండో రకం ఖర్చులే ఉంటాయి. రెండు రేట్లూ కారు ఖర్చుల మీద చేసే ఒకే అధ్యయనం నుంచి వస్తాయి. అందువల్ల ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే మిగిలేది దాదాపుగా స్థిరమైన ఖర్చు. 2015లో ఆ తేడా 34.5 సెంట్లు, 2020లో 40.5. బండి నడపడం మైలుకి ఆరు సెంట్లు చవకైంది, బండి ఉంచుకోవడం ఆరు సెంట్లు ప్రియమైంది. మొత్తం కదల్లేదు కానీ లోపలి వాటాలు మారిపోయాయి.

ఈ తీసివేతతో పాత పట్టికలు చదవడం మొదలుపెడితే మానబుద్ధి కాదు. మామూలుగా కొత్త రేటు డిసెంబరులో ప్రకటించి జనవరి 1 నుంచి అమలు చేస్తారు. పెట్రోలు ధర మరీ పైకి పోయినప్పుడు మాత్రం ఏడాది మధ్యలోనే మారుస్తారు. 2008లో గ్యాలను నాలుగు డాలర్లు దాటినప్పుడు జులై 1 నుంచి వ్యాపారం రేటు 50.5 నుంచి 58.5కి పోయింది. వైద్యం రేటు 19 నుంచి 27కి వెళ్ళింది. రెండూ ఎనిమిదేసి సెంట్లు పెరిగాయి. 2011 జులైలో 51 కాస్తా 55.5 అయింది, 19 కాస్తా 23.5. రెండూ నాలుగున్నరేసి. 2022 జూన్‌లో గ్యాలను అయిదు డాలర్లు తాకింది. ఆ జులైలో 58.5 నుంచి 62.5కి, 18 నుంచి 22కి పెంచారు. రెండూ నాలుగేసి. మూడుసార్లూ తేడా అంకె అరసెంటు కూడా చలించలేదు. పెట్రోలు పెరిగితే పెట్రోలు వాటానే ముట్టుకున్నారు. ఇన్సూరెన్సూ కారు ధరా జూన్‌లో ఎలా ఉన్నాయని లెక్క కట్టారో జులైలోనూ అలాగే ఉంచారు. పాత ఇంట్లో ఒక్క దూలం మార్చి గోడకి బీట పడనీయని వడ్రంగి పని ఇది. జనం ఒత్తిడి ఉన్న సమయంలో ఇంత పొదుపుగా చెయ్యి కదపడం తేలిక కాదు.

ఇటీవలి వరస ఇంకా ఆసక్తికరం. 2021లో తేడా 40 సెంట్లు. ఆ తర్వాత వరసగా 40.5, 43.5, 46, 49. 2026కి వ్యాపారం రేటు 70 నుంచి 72.5కి పెరిగితే, వైద్యం రేటు 21 నుంచి 20.5కి తగ్గింది. ఒకే కారు, ఒకే ఏడాది, ఒక రేటు పైకీ ఇంకోటి కిందకీ. తేడా ఇప్పుడు 52 సెంట్లు. కోవిడ్ తర్వాత అమెరికాలో కారు కొన్నవాళ్ళూ ఇన్సూరెన్స్ రెన్యూ చేసినవాళ్ళూ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో ఈ అంకెలు చెబుతాయి: బంకు దగ్గర కాదు, షోరూం దగ్గరా ఇన్సూరెన్స్ బిల్లు దగ్గరా డబ్బు పోతోంది.

వ్యాపారం రేటు ఎక్కువగా అక్కరకొచ్చేది సొంతంగా పని చేసుకునేవాళ్ళకి. డాలస్ చుట్టుపక్కల ఇళ్ళు చూపిస్తూ తిరిగే తెలుగు రియల్టర్ కావచ్చు, ఊరూరా ఫొటోలు తీసే మనిషి కావచ్చు. జీతగాళ్ళకి కంపెనీ ఈ లెక్కన డబ్బు తిరిగి ఇవ్వొచ్చు. ఇవ్వకపోతే తమ ఫెడరల్ పన్నులో చూపించుకునే వీలు 2018 నుంచి చాలామందికి లేదు. ఇంటి నుంచి ఆఫీసుకి పోయే మైళ్ళు ఎవరికీ లెక్కలోకి రావు. టోలూ పార్కింగూ ఈ రేటులో కలవవు, వాటిని విడిగా చూపించుకోవచ్చు. తేదీ, దూరం, వెళ్ళిన చోటు, వెళ్ళిన పని రాసుకున్న మైలేజీ లాగ్ ఉండాలి. ప్రతి పెట్రోలు రసీదూ దాచుకోవాల్సిన పని మాత్రం తప్పుతుంది.

చాలామంది చదవకుండా దాటేసే ఇంకో వాక్యం ఏటా వచ్చే ఆ రేట్ల ప్రకటనలో ఉంటుంది. వ్యాపారం రేటులో తరుగుదల వాటా ఎంతో అది చెబుతుంది. 2025లో 70 సెంట్లలో 33 సెంట్లు తరుగుదలే. ఆ ఏడాది పదివేల మైళ్ళు తిరిగినవాళ్ళు 7,000 డాలర్ల ఖర్చు చూపించుకుంటే, అందులో 3,300 డాలర్లు సొంత కారు విలువలోంచి తగ్గించుకోవాలి. కారు అమ్మే రోజున లాభమో నష్టమో ఆ తగ్గిన విలువ మీదే తేలుతుంది. ఒకసారి మైలు రేటులో కలిపి తీసుకున్న తరుగుదలని అమ్మేటప్పుడు మళ్ళీ తీసుకోకుండా ఆ ఒక్క వాక్యం కట్టుదిట్టం చేసింది. ఏళ్ళ తరబడి నిలవాల్సిన లెక్కని ఇంత చిన్న మాటలో ఇమడ్చడం నాకు మరీ నచ్చిన సంగతి.

1989 వరకూ ఈ రేటుకి రెండు మెట్లుండేవి. ఆ ఏడాది మొదటి 15,000 మైళ్ళకి 25.5 సెంట్లు, ఆపైన మైలుకి 11. స్థిరమైన ఖర్చు ఎన్ని ఎక్కువ మైళ్ళ మీద పరుచుకుంటే మైలుకి అంత తక్కువ పడుతుంది కాబట్టి సిద్ధాంతం ప్రకారం పాత పద్ధతే సత్యానికి దగ్గర. 1990లో అన్ని మైళ్ళకీ కలిపి 26 సెంట్లు చేశారు. కొంత నిక్కచ్చితనం పోయింది, మామూలు మనిషి తనంతట తాను లెక్క వేసుకునే వీలు పెరిగింది. నేను రెండో దాని వైపే.

ఇక మూడో రేటు, సేవా సంస్థల కోసం ఉచితంగా కారు నడిపేవాళ్ళది. మైలుకి 14 సెంట్లు. దీన్ని అధ్యయనం తేల్చదు, కాంగ్రెస్ నేరుగా చట్టంలో రాసింది, 1998 నుంచి మారలేదు. అప్పట్లో అది చిన్న అంకె కాదు: ఆ ఏడాది వైద్యం రేటు 10 సెంట్లే. పక్కనున్న రేట్లు బజారుతోపాటు కదిలాయి, ఇది ఉన్నచోటే ఉండిపోయింది. దీన్ని కదిలే రేటుకి ముడివెయ్యడం అసాధ్యమేమీ కాదు. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు బాధితుల సహాయం కోసం నడిపిన మైళ్ళకి వ్యాపారం రేటులో 70 శాతం ఇస్తూ కాంగ్రెస్సే చట్టం చేసింది. ఆ సెప్టెంబరు నుంచి ఏడాది చివరిదాకా అది 34 సెంట్లు. 2006 డిసెంబరు 31తో ఆ ఏర్పాటు గడువు తీరింది, రేటు మళ్ళీ 14కి వచ్చింది. 2026లో తన చికిత్స కోసం కారులో వెళ్ళే మనిషి మైలుకి 20.5 సెంట్లు చూపించుకోవచ్చు. అదే ఆసుపత్రికి వేరొకరిని ఉచితంగా తీసుకెళ్ళే వాలంటీరుకి ఈ లెక్కన దక్కేది 14. దాన్ని సరిచెయ్యడం ఐఆర్‌ఎస్ చేతిలో లేదు, చట్టంలో ఆ అంకె రాసిన కాంగ్రెస్ చేతిలోనే ఉంది.