“సలాం వెంకీ” చూపినది, చూపనిది

2004 డిసెంబరులో హైదరాబాదున కన్నుమూసిన చదరంగ క్రీడాకారుడు కొలవెన్ను వెంకటేష్ నీకు జ్ఞాపకమున్నాడా? కండరములు క్షీణించు వ్యాధితో మంచమెక్కిన ఆ యువకుడు, తన అవయవములు చెడకముందే ఇతరులకిమ్మని కోరెను. తల్లి హైకోర్టును వేడుకొనెను. మెదడు మరణింపనిదే చట్టమొప్పదని కోర్టు నిరాకరించెను. ఆ కథ ఆధారముగా రేవతి దర్శకత్వమున 2022లో వచ్చినదే “సలాం వెంకీ”. తల్లిగా కాజోల్ నటన హృదయమును కదల్చును.

అయితే ఈ చిత్రము కన్నీరు రప్పించినంతగా వివేకమును మేల్కొలుపదు. ప్రాణముండగా అవయవములు తీయుట వేరు. మేలుచేయని యంత్రమును ఆపి మరణమును దాని దారిన రానిచ్చుట వేరు. 2018లో సుప్రీంకోర్టు అనుమతించినది రెండవదానినే. ఈ భేదమెరుగక ఇల్లు చేరినవాడు రేపు తన తండ్రి పడకయొద్ద ఏమి నిర్ణయింపగలడు?

మరియొక లోపము: కథ బరువంతయు కోర్టు వ్యాజ్యముమీద మోపుటచేత, నొప్పి తగ్గించు వైద్యము మరుగునపడినది. నీవు చందానగరు వాసివైతే, నీకు దూరముకాని ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ అవసానదశ రోగులకు ఈ సేవ ఉచితముగా చేయుచున్నది. వైద్యుడు కొలిచి ఇచ్చు మార్ఫిన్ చంపుటకు కాదు, బాధ నణచుటకే. చావు కోరువానిని మొదట ఇది అడుగుము: “నాయనా, నొప్పి ఎక్కడ?”