ఒంటిమీది గుర్తు, ఒంటబట్టిన విద్య

హైదరాబాదు పాతనగరములో కుస్తీ నేర్పు తాలీంనందు పెరిగిన పహిల్వానును గుర్తించుటకు ఆతని పూర్వోత్తరములు విచారింప నక్కరలేదు. చెవి చూచిన చాలును. ఏండ్ల తరబడి ఎదుటివాని భుజమునకును మోచేతికిని ఒరసికొని, లోపల నెత్తురు గూడుకట్టి, అది గట్టిపడి, మృదులాస్థి ముడుచుకొనిపోయిన ఆ చెవిని ఏ కళాకారుడును తీర్చలేదు. ఎంత సొమ్ము పోసినను అది అంగడిలో దొరకదు. పురానాపూల్ మొదలు బార్కాస్ వరకు గల గల్లీలలో అట్టి చెవులు గల వృద్ధులు నేటికిని కనబడుదురు. విద్య తనంతట తాను శరీరముమీద వ్రాసిన వ్రాత అది. పచ్చబొట్టును గురించి ఎవరు ప్రశ్నించినను నాకు మొదట ఆ చెవియే జ్ఞప్తికి వచ్చుచున్నది.

నేను బాల్యమున శాలిబండ దాపున నున్న ఒక తాలీంలో మట్టి పూసికొన్నవాడను. పసుపు, నూనె, మజ్జిగ కలిపి తిరుగదవ్విన ఎర్రమట్టిలోనికి దిగుటకు ముందు వంగి, చిటికెడు తీసి నుదుట పెట్టుకొనుట ఉస్తాదుగారు నేర్పిన తొలిపాఠము. దండీలు, బస్కీలు, జోడీ త్రిప్పుట ఆ తరువాతివి. ‘జై బజరంగబలీ’ యని తొడ చరచు పిల్లవాడును, ‘యా అలీ’ యని తొడ చరచు పిల్లవాడును ఆ గోదాలో ఒక్క మట్టినే పూసికొనేవారు. మాలో హిందువుల పిల్లలు కొందరు జాతరలలో ముంజేతిమీద ఆంజనేయుని పచ్చబొట్టు పొడిపించుకొన్నారు. ముసల్మానుల పిల్లలు తమ మతధర్మము దానిని నిషేధించుచున్నది గనుక దాని జోలికి పోలేదు. ఉస్తాదుగారు ఇరువురిని ఒక్క కొలతతోనే కొలిచేవారు: తెల్లవారుజామున అయిదింటికి వచ్చినాడా, రాలేదా.

ఈ ముచ్చట ఇప్పుడెందుకనగా, లాల్ దర్వాజాలో నుండి కరాటే నేర్చుచున్న మా మేనల్లుడు మొన్న వచ్చి నన్నొక సలహా అడిగినాడు.

“మామా, భుజం మీద బుద్ధుని మొఖం, దాని చుట్టు డ్రాగను, కింద చీనోళ్ల అక్షరాలు ఏయించుకుందామనుకుంటున్న. మంచిగుంటదా?”

“దేనికిరా?”

“పవర్ ఉంటది మామా. శాంతి గూడ ఉంటది.”

ఆ మాటను నేను తేలికగా తీసికొనలేదు. బలమును శాంతియు ఒక్క దేహమందు ఇముడవలెనను కోరిక మానవజాతికి చిరకాలముగా ఉన్నది. దానికై దేశదేశముల వీరులును భిక్షువులును తపించినారు. దక్షిణాపథమునుండి చీనాకు వెళ్ళిన బోధిధర్ముడే షావొలిన్ విహారవాసులకు పోరాటవిద్య నేర్పినాడను కథ లోకమున వ్యాపించి యున్నది. చరిత్రకారులు దానిని వెనుకటి శతాబ్దములలో పుట్టిన కల్పనగా ఎంచుచున్నారు గాని, ఆ విహారపు భిక్షువులు 621లో యుద్ధమున పాల్గొని తాంగ్ వంశమునకు తోడ్పడిరనుటకు అచ్చటనే 728 నాటి శిలాశాసనము సాక్ష్యముగా నిలిచియున్నది. కావున మా వాని కోరికకు వంశవృక్షము కలదు. అది ఏ రూపము దాల్చవలెననునదే ప్రశ్న.

వానికి నేను ముందుగా చెప్పినది యుయే ఫే కథ. పన్నెండవ శతాబ్దమున సోంగ్ వంశపు సేనానియైన ఆ మహావీరుని మీద రాజద్రోహము మోపి విచారణకు నిలువబెట్టినప్పుడు, అతడు వాదము చేయక అంగీని చించి వెన్ను చూపినాడట. వెన్నుమీద చర్మములోనికి లోతుగా దిగిన నాలుగు పెద్ద అక్షరములు, దేశఋణమును నిండు విధేయతతో తీర్చుమని చెప్పునవి, విచారించువారికి కనబడినవి. వానిని తల్లి పొడిచినదని తరువాతి కథకులు చెప్పుకొన్నారు. 1142లో అతనిని చంపివేసినారు. ఆ అక్షరములు అతనిని రక్షింపలేకపోయినవి. కాని అవి అబద్ధములు కాలేదు, ఏలననగా అతని యుద్ధములన్నియు ఆ నాలుగక్షరములకు భాష్యములే. ఆ వెన్ను వేరొకనిదైనచో ఆ అక్షరములకు విలువ ఏమున్నది?

చీనావారి ప్రసిద్ధ నవల ‘షుయిహు జువాన్’లో లూ జిషెన్ అను మరియొకడు కలడు. ఒక దిక్కులేని పడుచును కాపాడబోయి కసాయిని కొట్టి చంపి, ప్రాణరక్షణకై వూతాయి పర్వతముమీది విహారమున తల గొరిగించుకొన్నవాడు, వీపుమీద పువ్వుల పచ్చబొట్లు, త్రాగుబోతు, మాంసాశి, ఇనుపదండము త్రిప్పుటలో అసమానుడు, విహారమునుండి వెళ్ళగొట్టబడినవాడు. అట్టివాడు తుదకు ఒకరాత్రి చియెన్‌తాంగ్ నదిపై సముద్రపు పోటు వచ్చు ధ్వనిని విని, యుద్ధభేరి యని భ్రమించి లేచి, అది నీటి చప్పుడని తెలిసికొని, తన గురువు చెప్పిన భవిష్యవాణి జ్ఞప్తికి రాగా స్నానము చేసి, పద్మాసనమున కూర్చుండి ప్రాణము విడిచినాడు. యుద్ధమును బౌద్ధమును పచ్చబొట్టును మూడును కలిసిన పాత్ర లోకసాహిత్యమున ఇంతకంటె గొప్పది నేనెరుగను. ఈ నవలలోని వీరులనే 1827 ప్రాంతమున జపాను చిత్రకారుడు ఉతగవ కునియొషి రంగుల ముద్రలుగా చిత్రింపగా, నాటి ఎదో నగరపు పనివాండ్రు వానిని చూచి తమ వీపులమీద పొడిపించుకొన్నారు; 1872లో అక్కడి ప్రభుత్వము పచ్చబొట్టును నిషేధించి 1948 వరకును ఆ నిషేధమును కొనసాగించినది. నేడు మన టాటూ దుకాణముల గోడలమీది డ్రాగనులలో ననేకములు ఆ కునియొషి సంతతివే.

థాయిలాండు సంప్రదాయము నాకు ఇంకను దగ్గరగా తోచును. నఖోన్ పథోమ్ మండలములోని బాంగ్ ఫ్రా విహారమున భిక్షువులు పొడవైన లోహపు ఊచతో, ఖ్మేర్ లిపిలోని మంత్రాక్షరములను భక్తుల వీపున పొడుచుదురు. ప్రతి సంవత్సరము మార్చి నెలలో అక్కడ పెద్ద ఉత్సవము జరుగును. ముఆయ్ థాయ్ మల్లులలో పెక్కుమందికి ఆ గుర్తులు కలవు. అయితే గుర్తుతోపాటు నియమములు కూడ ఇత్తురు: అబద్ధమాడరాదు, దొంగిలరాదు, తల్లిని దూషింపరాదు. నియమము తప్పినవానికి ఆ గుర్తు పనిచేయదని వారి విశ్వాసము. మంత్రశక్తిని గురించి నేనేమియు చెప్పజాలను; కాని వ్రతము లేని గుర్తు నిర్జీవమను ఆ వివేకమునకు నమస్కరించుచున్నాను.

మన అవ్వలకు ఈ వివేకము లేకపోలేదు. దీపపుమసిని ఆకుపసరుతో నూరి, కట్టగట్టిన సూదులతో ఎరుకల స్త్రీలు పొడిచిన చుక్కలు, తేలుబొమ్మలు, పెనిమిటి పేరు — ఇవి వారి ముంజేతులమీద జీవితాంతము నిలిచినవి. లాల్ దర్వాజా సింహవాహిని గుడి ముందు బోనమెత్తుకొని నిలిచిన ముసలమ్మల చేతులను ఈ ఆషాఢమున పరికించి చూడుడు. నగలను మనుష్యులు ఒలిచికొందురు, పచ్చబొట్టు మాత్రమే తమ వెంట వచ్చునని వారు చెప్పుకొనెడివారు. కడవరకు వెంట వచ్చుదానిని ఎన్నుకొనుటలో వారికి తొందర లేదు; అది ఇంటివారందరు ఎరిగిన గుర్తు.

ఇక బుద్ధుని ముఖము. ఇందు నా తీర్పు స్పష్టము: వలదు. శ్రీలంకలో 2014లో చేతిమీద పద్మాసీనుడైన బుద్ధుని బొమ్మ గల ఒక ఆంగ్లవనితను విమానాశ్రయముననే నిర్బంధించి దేశమునుండి పంపివేసినారు. ఆమె భక్తితోనే వేయించుకొన్నానని చెప్పినది. 2017లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆమెకు అన్యాయము జరిగినదని 8 లక్షల రూపాయల పరిహారము ఇప్పించినది. న్యాయము ఆమె పక్షముననే ఉన్నది. అయినను నా అభ్యంతరమునకు కారణము శిక్షాభయము కాదు. మన కృష్ణాతీరపు శిల్పులు. అమరావతీ మహాచైత్యమునందు పని చేసిన తొలితరముల శిల్పులు బుద్ధుని మానవరూపమును చెక్కలేదు. ధర్మచక్రము, బోధివృక్షము, శూన్యసింహాసనము, పాదముద్రలు, జ్వలించు స్తంభము — ఇంతే. ఎదుట భక్తులు మోకరిల్లుచుందురు. ఆసనముమీద ఎవరును ఉండరు. చూచువాని మనస్సునందే ఆ మూర్తి ఉదయింపవలెను. శతాబ్దముల తరువాత గాని రూపము రాలేదు. మహాశిల్పులే అంత వినయముతో నిలిచిన చోట, భుజముమీద గంటలో ముగించు పనికి ఆ ముఖమే కావలెనా? చక్రము చాలును. రావియాకు చాలును.

చీనా అక్షరముల మాట వచ్చినప్పుడు మేనల్లుని బండిమీద ఎక్కి చైతన్యపురికి పోయినాము. మూసీ ఒడ్డున, నరసింహస్వామి గుడి దాపున, బండరాతిమీద అయిదవ శతాబ్దమున విష్ణుకుండిన గోవిందవర్మ కాలపు ప్రాకృత శాసనము బ్రాహ్మీలిపిలో ఉన్నది. గోవిందరాజవిహారమును, భిక్షాన్నముతో జీవించు పిండపాతికులను అది పేర్కొనుచున్నది. చార్మినారు పునాదికి వేయి సంవత్సరములకు పైగా పూర్వమే ఈ నదీతీరమున కాషాయవస్త్రధారులు భిక్షాపాత్రలతో తిరిగినారు! మా వాడు ఆ రాతిముందు చాలసేపు మాటలాడలేదు. తనకు చదువరాని చీనా అక్షరముకంటె తన నదిమీది అక్షరము గొప్పదని నేను వాదింపలేదు. రెండును వానికి చదువరావు. కాని ఈ లిపిని నేర్చుకొనగోరిన నేర్పువారు ఇచ్చటనే ఉన్నారు.

నాగార్జునకొండను కూడ వాడు చూడవలెను. ఇక్ష్వాకుల విజయపురిలో విహారముల నడుమనే నాలుగు ప్రక్కల మెట్లు కట్టిన క్రీడారంగము త్రవ్వకములలో బయటపడినది. మల్లక్రీడలకును సంగీతమునకును ఉపయోగించి యుందురని పండితుల ఊహ. నాగార్జునసాగరపు జలములు ముంచకముందే అచ్చటి కట్టడములను కొన్నిటిని తరలించి తిరిగి కట్టినారు. మట్టిలో పెనుగులాట, ప్రక్కనే ధ్యానము — మన నేలమీద అవి ఇరుగుపొరుగులుగా జీవించినవి.

చేతిపనిని గురించి కొన్ని మాటలు. సిరా నిలుచునది పైచర్మమున కాదు, దాని దిగువ పొరయందు. పైచర్మము నెలకొకసారి రాలి మారుచుండును, దిగువ చేరిన మసిని మాత్రము శరీరకణములు మ్రింగి పట్టుకొనియుండును. ఏండ్లు గడచినకొలది గీతలు వెడల్పగును. అరంగుళములో ఇరికించిన మండలచిత్రము ఇరువది ఏండ్లకు నల్లని మచ్చగును. అరచేతి వెడల్పున ఎనిమిది ఆకుల చక్రము వృద్ధాప్యమున కూడ చక్రమే. సూది ప్రతివానికి క్రొత్తది కావలెను, సిరాగిన్నె కూడ క్రొత్తది. కాదన్నచోట కామెర్ల రోగమునకు ద్వారము తెరచినట్లే. బౌద్ధచిహ్నమును నడుము దిగువన వేయించుకొనుట బౌద్ధదేశములవారికి దుస్సహము. సైన్యములో చేరదలచినవాడు మరియొకటి తెలిసికొనవలెను: మోచేయినుండి మణికట్టువరకు ముంజేతి లోపలివైపున, అరచేతి వెనుకభాగమున తప్ప శాశ్వతమైన పచ్చబొట్టును మన సైన్యము అనుమతింపదు, గిరిజనులకు మాత్రము సడలింపు కలదు.

నాకు పచ్చబొట్టు లేదు. వేయించుకొన్నచో చక్రమే వేయించుకొందును. ఆ యర్హత నాకు కలదో లేదో నిర్ణయించుకొనుటకు ఇంకను ప్రయత్నించుచున్నాను. మేనల్లునికి చెప్పినది ఇంతే: నీవు ప్రతిదినము చేయుచున్నదేదో, చేయక ఉండలేనిదేదో, దానినే ఎన్నుకొనుము, రేపటినుండి చేయుదునను దానిని సూదితో వ్రాయింపకుము. ఒక సంవత్సరము ఆగి, అప్పటికిని అదే కోరిక ఉన్నచో దుకాణమునకు నేనును వెంట వత్తును.

ఇట్టి కోరికగల పాఠకులకు నా విన్నపము: సొమ్ము చెల్లించుటకు ముందు ఒక్క పూట దారుషిఫాలోని సాలార్ జంగ్ మ్యూజియమునకు పొండు. జపాను సమురాయి ఖడ్గములను, ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లినుండి వచ్చిన మూడవ శతాబ్దపు బుద్ధుని నిలువువిగ్రహమును ఒక్క ప్రాంగణములోనే చూడవచ్చును. శుక్రవారము సెలవు.